ఇరవై ముఖాల పాచిక, ఒక గల్లాపెట్టె

పుట్టిన ప్రతి మనిషికీ ఆరు అంకెలు కేటాయించాలనీ, ఆ అంకెలను చొక్కా జేబు మీద అందరికీ కనపడేలా కుట్టించాలనీ నేను చాలా బాధ్యతగా ప్రతిపాదిస్తున్నాను. నవ్వకండి! బ్రహ్మదేవుడు నుదుటి మీద రాశాడంటే నమ్మాం కదా. ఆ రాతను ఇన్నాళ్లూ ఎవరైనా చదివారా? అద్దంలో చూసుకున్నా కనపడదు. కనపడని రాతను నమ్మినవాళ్లం, కనపడే అంకెను నమ్మలేమా?

ఇప్పుడు మన పిల్లలు ఒక ఆట ఆడుతున్నారు. నలుగురైదుగురు చేరి, లేని కోటల్లో దూరి, లేని కత్తులు దూసి, లేని నిధుల కోసం కొట్టుకుంటారు. అందులో ప్రతివాడి రాతా అంకెల్లో ఉంటుంది. వాడి బలమెంత, బుర్ర ఎంత, ముఖవర్చస్సు ఎంత, అన్నీ లెక్కే! ఇది చూసి పెద్దలు తలలు పట్టుకుంటున్నారు. పిల్లలు చెడిపోయారంటున్నారు. నేను మాత్రం రెండు చేతులెత్తి ఆ ఆటకు దండం పెడుతున్నాను. ఎందుకంటారా? మార్కాపురం పోదాం పదండి.

మార్కాపురంలో పైపులు, బోరు మోటార్లు అమ్మే చంద్రశేఖరరావు గారి దుకాణం ముందు ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చుని ఆయన పేపరు, ఆయన టీ రెండూ ఉచితంగా సేవించే భాగ్యం నాకుంది. కాబట్టి ఆయన గురించి నిష్పక్షపాతంగా రాయడం నా వల్ల కాదు. అయినా రాస్తాను.

ఆయనకు ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు రమ్యశ్రీ గుంటూరులో ఎంబీఏ చదివి వచ్చింది. వారమంతా దుకాణంలో పనిచేసి, ఆదివారం మధ్యాహ్నం మేడ మీద గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని స్నేహితురాళ్లతో ఈ ఆట ఆడేది. కొడుకు మణిదీప్ ఏం చేస్తాడని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న ఆ ఇంట్లోనే ఎవరూ అడగరు.

ఒక ఆదివారం చంద్రశేఖరరావు గారు భోంచేసి నడుం వాల్చారు. పైనుంచి కూతురి కేక వినపడింది. "గొడ్డలి తీసినా! తలుపు పగలగొడతన్నా!" ఆయన ఉలిక్కిపడి, పంచె ఎగ్గట్టి, నొప్పి మోకాళ్లతో మెట్లెక్కారు.

"ఏందమ్మా ఈ గోల? ఎవరి తలుపు పగలగొడతన్నావు?"

"కోట తలుపు నాయనా. ఆటలో. పాచిక పదిహేను పడాల."

"పదిహేనా? మరీ ఎక్కువ గద! పన్నెండుకు అడుగు."

"ఇది బేరం కాదు నాయనా."

"బేరం లేని అంకె ఏడుంటదమ్మా లోకంలో!" అంటూ ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తిట్టడానికి వెళ్లిన మనిషి సాయంత్రం దాకా దిగలేదు. అంకెలు కనపడితే వ్యాపారస్తుడు ఎట్లా లేస్తాడు చెప్పండి?

ఆమె చెప్పిందాన్ని ఆయన మాకు బెంచీ దగ్గర బోధించారు. మనిషిలో ఆరు గుణాలట. స్ట్రెంగ్త్ అంటే కండబలం. డెక్స్‌టెరిటీ అంటే చురుకుదనం. గిద్దలూరు బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేయడం. కాన్‌స్టిట్యూషన్ అంటే తట్టుకునే ఒళ్లు; ఫ్లోరైడు నీళ్లు తాగి, మే నెల ఎండలో బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడడం. ఈ గుణంలో పుల్లలచెరువు, వెలిగండ్ల వాళ్లకు పరీక్ష పెట్టకుండానే ఫస్ట్ క్లాస్ ఇచ్చేయొచ్చని నా అభిప్రాయం.

నాలుగోది ఇంటెలిజెన్స్. ఎన్ని అడుగుల బోరుకు ఎంత హెచ్‌పీ మోటారు కావాలో లెక్క కట్టడం. అయిదోది విజ్‌డమ్. ఆ బోరులో అసలు నీళ్లే లేవని గ్రహించి మోటారు కొనకుండా ఇంటికి పోవడం! చంద్రశేఖరరావు గారి వ్యాపారం నాలుగో గుణం మీద నడుస్తోంది. జనంలో అయిదోది పెరిగితే దుకాణానికి తాళమే. ఆరోది కరిష్మా. అంటే అడిగేవాడి ముఖం చూస్తే కాదనడానికి ఎదుటివాడికి నోరు రాకపోవడం.

ఒక్కో గుణానికీ మూడు మామూలు పాచికలు వేసి, పడింది కూడి రాసుకుంటారు. పది, పదకొండు వస్తే మామూలు మనిషి. పెరిగేకొద్దీ బోనస్, తగ్గేకొద్దీ కోత. తర్వాత ఏ కష్టమైన పని తలపెట్టినా ఇరవై ముఖాల పాచిక ఒకటి వెయ్యాలి. పడ్డ అంకెకు మీ బోనస్ కలపాలి. ఆట నడిపే పెద్దమనిషి ముందే చెప్పిన అంకెను అందుకుంటే పని అయినట్టు. అందకపోతే గోవిందా!

ముందే చెప్పిన అంకె! ఆ మాట ఎంత గొప్పదో గమనించారా? మన వైపు ఏ ఆఫీసులోనైనా ఎంత పడితే పని అవుతుందో ముందే చెప్పే పుణ్యాత్ముడున్నాడా? బోరు పాయింటు చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడితే కింద నీళ్లున్నాయంటాడు. తీరా తవ్వాక దుమ్ము లేస్తే, రైతుకు నమ్మకం చాలలేదంటాడు. ఆటలో ఈ దబాయింపు లేదు. అందుకే అది కలికాలపు ఉపనిషత్తు అంటున్నాను.

మర్నాడే రమ్య మేడ గదిలో వాడే ఆ పాచిక దుకాణానికి వచ్చేసింది. లక్ష్మీదేవి పటం ముందు, కుంకుమ భరిణె పక్కన దానికి చోటు దొరికింది. చంద్రశేఖరరావు గారు అందరికీ అంకెలు పంచడం మొదలుపెట్టారు.

పైపులు ఎత్తే యోబుకు స్ట్రెంగ్త్ పదిహేడు పడింది.

"పదిహేడంటే పాసా, ఫెయిలా సార్?" అని అడిగాడు యోబు.

"పాసేంది, డిస్టింక్షను!"

మర్నాటి నుంచి బరువైన మోటారు దిగినప్పుడల్లా యోబు చేతులు కట్టుకుని నిలబడేవాడు. "ముందు పాచిక వెయ్యండి సార్. తక్కువ పడితే పోయేది నా నడుమే గద" అనేవాడు. కార్మికుల భద్రత గురించి ఏ చట్టమూ చెయ్యలేని పని ఒక ప్లాస్టిక్ పాచిక చేసింది. ఇది వరమా, శాపమా? మీరే చెప్పండి.

భార్య పార్వతమ్మ గారికి విజ్‌డమ్ ఎనిమిది పడింది. ఆ మధ్యాహ్నం పప్పులో ఉప్పు లేదు. "ఎనిమిదోళ్లకు ఉప్పు ఏడ గుర్తుంటదండీ" అన్నారావిడ తాపీగా. చంద్రశేఖరరావు గారు చెయ్యి కడుక్కోకుండానే మళ్లీ పాచికలు వేయించారు. పదిహేను పడింది. ఉప్పు తిరిగొచ్చింది. ముప్పై ఏళ్ల సంసారంలో భార్య తెలివిని భర్త బహిరంగంగా ఒప్పుకున్న సందర్భం అదొక్కటేనని ఆవిడే తర్వాత నాతో అన్నారు.

మణిదీప్‌కు మాత్రం పాచిక వెయ్యలేదు. "మావాడికి వేసేదేముంది, తెలిసిందే గద" అని తండ్రే నోటితో అంకెలు చెప్పేశారు. అన్నింట్లో పదహారు. కరిష్మా పద్దెనిమిది. ఆ సమయంలో మణిదీప్ షట్టరు నీడలో నిలబడి తన జుట్టును తనే వీడియో తీసుకుంటున్నాడు.

ఇక పాచిక వేసే చెయ్యి సంగతి. ఈ ఇంట్లో తాతల కాలం నుంచి ఒక ఆచారం ఉంది. పండగపూట గానీ, కొత్త సరుకు దిగిన పూట గానీ బోణీ ఇంటి ఆడపిల్ల చేత చేయిస్తారు. మొదటి బేరం తాలూకు సొమ్ము ఆమె చేత్తో అందుకుని, కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తేనే తక్కినవాళ్లు దాని మీద చెయ్యి పెడతారు. రమ్యది మరీ మంచి చెయ్యి. ఆమె బోణీ చేస్తే తుప్పు పట్టిన బోల్టు కూడా మధ్యాహ్నంలోగా అమ్ముడుపోతుందని బజారంతా నమ్మకం.

అంత మంచి చెయ్యి ఇంట్లో ఉండగా పాచిక ఇంకొకరి చేత ఎట్లా వేయిస్తారు? ఆటలో ఎవరి పాచిక వాళ్లే వేసుకోవాలని రమ్య చెప్పి చూసింది. తండ్రి వినలేదు. తండ్రికి ఆమే వేసింది. తల్లికి ఆమే వేసింది. యోబుకూ, వచ్చిపోయే రైతులకూ, టీ తాగుతున్న నాకూ ఆమే వేసింది. నా ఇంటెలిజెన్స్ ఎంత పడిందో ఇక్కడ అప్రస్తుతం.

ఆమెకు మాత్రం ఎవరూ వెయ్యలేదు. వేసే చేతికి అంకెలెందుకనుకున్నారు.

కొనకనమిట్ల నుంచి గురవయ్య అనే రైతు మోటారు కోసం వచ్చాడు. చంద్రశేఖరరావు గారు ఆయన తరఫున పాచిక వేయించారు. పంతొమ్మిది! "గురవన్నా, నీ చేను తడిసినట్టే పో" అని ఆయన లేచి నిలబడి మోటారు మీద చెయ్యి వేశారు.

రమ్య అడిగింది. "మామా, పాచిక సంగతి పక్కన పెట్టు. తాడుకు రాయి కట్టి బోరులోకి దించి చూసినావా? నీళ్లు ఎంత లోతులో ఉండాయి?"

"లేదు పాపా. చూడల్యా."

"చూసిరా. నీళ్లు అందకపోతే ఏ మోటారూ లాగదు. ఊరికే కాలిపోతది."

గురవయ్య తలగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. చంద్రశేఖరరావు గారి ముఖం చూడాలి! "పంతొమ్మిది పడ్డ బేరాన్ని చేతులారా సాగనంపినావు గదమ్మా" అని ఆయన రోజంతా సణిగారు.

కొన్నాళ్లకు గురవయ్య తిరిగొచ్చాడు. నీళ్లు ఆయన అనుకున్నదానికంటే చాలా కిందికి ఉన్నాయి. ఆ లోతుకు సరిపడే మోటారు అడిగి తీసుకున్నాడు. వెంట ఊరివాళ్లను కూడా తెచ్చాడు. వాళ్లు దుకాణంలోకి వస్తూనే "ఆ పాప ఏది?" అని అడిగారు. తర్వాత కొనకనమిట్ల వైపు నుంచి ఎవరొచ్చినా అదే ప్రశ్న. అమ్మకాలు పెరిగాయి. దీన్నంతా జాగ్రత్తగా పరిశీలించి చంద్రశేఖరరావు గారు ఒక నిర్ణయానికి వచ్చారు. తన కరిష్మా పెరిగిందని!

ఇంతలో ఆయన మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. ఒంగోలులో ఆపరేషన్ చేయించుకోవాలన్నారు డాక్టర్లు. ఆ తర్వాత కింద కూర్చునే పని పెట్టుకోవద్దన్నారు. ఆ దుకాణంలో గల్లాపెట్టె ముందు కుర్చీ ఉండదు. తెల్లగుడ్డ కప్పిన పరుపే. తాత దాని మీదే కూర్చున్నాడు, తండ్రి దాని మీదే కూర్చున్నాడు. ఒకసారి దాని మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవడం ఉండదు. దుకాణం ఇక ఆ మనిషిదే. ఇది ఎవరూ నోటితో చెప్పరు గానీ బజారులో అందరికీ తెలుసు.

రమ్యకు ఆ పరుపు కావాలి. ఆమె ఏమీ దాచుకోలేదు. తండ్రికి విషజ్వరం వచ్చినప్పుడు షట్టరు ఎత్తిందీ, దించిందీ ఆమే. కంపెనీవాళ్లతో మాట్లాడిందీ ఆమే. "నాయన తర్వాత నేనే చూసుకుంటా" అని నా ఎదురుగానే యోబుతో అనేది. అన్నప్పుడల్లా ఆమె ముఖం వెలిగేది. ఆ వెలుగు తండ్రికి కూడా కనపడాల్సిందే. కానీ మనిషికి ఎప్పుడూ కళ్లెదుట ఉండే దీపం మీద చూపు ఆగదు.

దసరా నాడు దుకాణంలో పూజ. మోటార్లకు బొట్లు, పైపులకు బంతిపూలు. ఇంటివాళ్లు, యోబు, శుభదినమని రెండో బోరుకు మోటారు కొనడానికి వచ్చిన గురవయ్య, ప్రసాదం కోసం నేను. హారతి అయ్యాక చంద్రశేఖరరావు గారు గొంతు సవరించుకున్నారు.

"నేను ఒంగోలు పోతన్నా. గల్లా మీద ఎవరు కూర్చోవాలనేది న్యాయంగా తేలాల. రేపు ఎవరూ ఒక మాట అనగూడదు. పరీక్ష పెడతన్నా. పదిహేను పడాల. మణిదీప్‌కు పదహారు గాబట్టి బోనస్ మూడు. రమ్యా, తమ్ముడికి పాచిక వెయ్యమ్మా."

రమ్య పాచిక తీసి వేసింది. రెండు. బోనస్‌తో అయిదు.

"చెయ్యి జారింది" అన్నారు చంద్రశేఖరరావు గారు. "తడి చెయ్యి. తుడుచుకుని వెయ్యి. పదిహేనంటే మరీ దారుణం. దసరా గద, పన్నెండు చేస్తన్నా."

రమ్య చెయ్యి తుడుచుకుని వేసింది. నాలుగు. బోనస్‌తో ఏడు.

చంద్రశేఖరరావు గారు పాచిక వైపు చూశారు. కొడుకు వైపు చూశారు. మణిదీప్ ప్రసాదం తింటున్నాడు. ఆయన నలభై ఏళ్లుగా బేరాలాడిన మనిషి. పదికి దిగారు. ఎనిమిదికి దిగారు. చివరికి ముఖం విప్పారింది.

"ఏడు! ఏడంటే ఏడుకొండలవాడి అంకె. ఇంకేం కావాల? ఖాయం!"

నేను చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టానో నాకే తెలియదు. ప్రసాదం ఇంకా అందలేదు కాబట్టి కావచ్చు.

"నాయనా," అంది రమ్య, "ఇప్పుడు నా వంతు."

"నీ వంతేందమ్మా? నువ్వు వేసేదానివి గద."

"ఇంతమందికి వేసినా. నాకు కూడా వేసుకుంటా. ఏడు వద్దు, నాకు పదిహేనే పెట్టు. పడకపోతే మళ్లీ అడగను."

"నీకు పరీక్షలేందమ్మా! నువ్వు మా ఇంటి లక్ష్మివి. లక్ష్మి గల్లాలో ఉండాల గానీ గల్లా మీద కూర్చుంటదా?"

"పటంలో లక్ష్మి పద్మం మీద కూర్చునే ఉంది గదండీ," అన్నారు పార్వతమ్మ గారు హారతి పళ్లెం దించుతూ. "ఆమెను ఎవరూ లెయ్యమనలేదే."

"నువ్వు ఊరుకో పార్వతీ."

రమ్య నెమ్మదిగానే మాట్లాడింది. "ఆటలో ఒక రూలుంది నాయనా. రెండు రకాల పనులకు పాచిక వెయ్యరు. ఎట్లయినా అయ్యేదానికి వెయ్యరు. ఎప్పటికీ కానిదానికీ వెయ్యరు. తమ్ముడిది మొదటి రకం. అది నాకు ఎప్పుడో తెలుసు. నాది రెండోదా? ఆ ఒక్కటి చెప్పు."

బేరంలో ఏనాడూ తడబడని చంద్రశేఖరరావు గారు గల్లాపెట్టె మూత తుడుస్తూ కూర్చున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. ఆమె అడిగితే దుకాణంలో ఏ వస్తువైనా ఇచ్చేస్తారు. దుకాణం తప్ప.

"సరే," అన్నారు చివరికి, "ముందు బోణీ కానీ. గురవన్న కాచుకుని ఉన్నాడు. చెయ్యి పట్టమ్మా."

రమ్య చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "బోణీ కూడా తమ్ముడితోనే చేయించు నాయనా" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. గురవయ్య జేబులో పెట్టిన చెయ్యి జేబులోనే ఉంచుకుని, "పాపను అడగకుండా నేను మోటారు కొనల్యా షావుకారూ, ఎప్పుడూ" అంటూ ఆమె వెనకే బయటికి నడిచాడు. పండగపూట ఆ దుకాణంలో బోణీ కాలేదు.

ఇప్పుడు మణిదీప్ పరుపు మీద ఉన్నాడు. పరుపు మెత్తగా ఉందని అంటున్నాడు. చంద్రశేఖరరావు గారు కొత్త మోకాళ్లతో కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి రైతూ "పాప ఏది?" అని అడుగుతుంటే వినపడనట్టు పేపరు తిరగేస్తున్నారు. నాకు టీ కూడా సరిగా రావడం లేదు.

రమ్య గిద్దలూరులో డ్రిప్పు పైపుల కంపెనీ ఆఫీసుకు ఇంటర్వ్యూకి వెళ్లింది. గంటసేపు కూర్చోబెట్టి అడిగారట. సాయంత్రం బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే తల్లిని పట్టుకుని, "అమ్మా, ఎంత కష్టమైన ప్రశ్నలడిగినారో తెలుసా!" అందట. ఉద్యోగం వచ్చిన సంగతి ఆ తర్వాత చెప్పిందట. ఆ మాట నాకు చెబుతూ పార్వతమ్మ గారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. పిల్ల అంత సంతోషంగా ఉండడం ఆవిడ చాలా కాలంగా చూడలేదు.

ఈ సంఘటనల దృష్ట్యా నా ప్రతిపాదనను నేను వెనక్కి తీసుకుంటున్నాను. చొక్కాల మీద ఏమీ కుట్టించవద్దు! పెద్దలు చెప్పిందే నిజం. ఈ ఆట మహా ప్రమాదకరం. కత్తులూ గొడ్డళ్లూ ఏం చేస్తాయి, అవి ఎట్లాగూ ఉత్తవే. అసలు విషం వేరే ఉంది. అది ఆడపిల్లలకు "నా వంతు" అనే మాట నేర్పుతుంది. ఆ మాట ఒకసారి నోటికి వచ్చిందంటే మన ఇళ్లల్లో ఎన్ని పరుపులు కదలాలి? మీ అమ్మాయి మేడ మీద గదిలో ఈ ఆట ఆడుతుంటే వెంటనే వెళ్లి వైరు పీకేయండి.

ఇంకో దారుణం కూడా విన్నాను. ఆ ఆటలో ఒక రాక్షసి ఉంటుందట. ఊళ్లకు ఊళ్లు మింగుతుందట. ఎదురుగా అమ్మాయి నిలబడినా సరే, ఆమె వంతు వచ్చిందంటే నోరు మూసుకుని ఆగుతుందట. పాచిక వెయ్యనిస్తుందట. అంకె పడితే మారు మాట లేకుండా దెబ్బ తింటుందట. పాపం, బడి ముఖం చూడలేదు. దసరా పూజ చెయ్యదు. ఆడపిల్లను లక్ష్మీ అని ఒక్కనాడూ పిలిచి ఎరగదు.